మా బావ కటింగ్ చేసిన హైడ్రాంజియాలు

మా బావకి ఒక జబ్బుంది. దానికి ఏ డాక్టరూ ఇంతవరకు పేరు పెట్టలేదు. ఎగుడుదిగుడుగా ఉన్నది ఏది కనబడినా ఆయన చెయ్యి ఊరుకోదు.

ముప్ఫై రెండేళ్ళుగా ఆయనది కటింగ్ షాపు. బస్టాండు మలుపులో, తాళంచెవులు చేసేవాడి దుకాణానికీ ఫొటో స్టూడియోకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. రెండు కుర్చీలు, గోడ పొడవునా అద్దం, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఒక బల్ల, దాని మీద మొన్నటి పేపరు. ఆ వృత్తిలో నాకు తెలిసిన మిగతావాళ్ళంతా సాయంత్రం షట్టర్ దించి, ఇంటికెళ్ళి తిని పడుకుంటారు. మా బావ ఇంటికొచ్చి తివాచీ కుచ్చులు సమం చేస్తాడు. చీపురు కొసలు ఒక వరసలోకి తెస్తాడు. మా నాన్న పోయిన రోజు నేను గోడకి ఆనుకుని ఏడుస్తుంటే దగ్గరికొచ్చి మెడ దగ్గర చెయ్యి పెట్టాడు. ఓదారుస్తున్నాడనుకున్నాను. చొక్కా కాలరుకి వేలాడుతున్న దారం ముక్కని చిన్న కత్తెరతో తీసేసి, దాన్ని జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఈ ముప్ఫై రెండేళ్ళలో ఒక్క తలనైనా తను పాడుచేసినట్టు ఆయన ఒప్పుకోలేదు. ఒక పక్క జుట్టు ఎక్కువ పోయిందని ఎవరైనా అంటే, "మీ చెవులే సమంగా లేవు" అనేవాడు. ఆ మాట నమ్మి, అద్దంలో చెవులు కొలుచుకుని, డబ్బులిచ్చి దిగులుగా వెళ్ళినవాళ్ళని నా కళ్ళతో చూశాను.

నేను ఆయన భార్యకి తమ్ముణ్ణి. నాది ఇంటింటికీ తిరిగి నీటి మీటర్లు చదివే ఉద్యోగం. రోజుకి అరవై గేట్లు, ఇరవై కుక్కలు. దీనివల్ల నాకు కాళ్ళు గట్టిపడ్డాయి, నోరు పెద్దదైంది. మనసులో మాట మనసులో ఉంచుకోవడం చిన్నప్పటినుంచీ చేతకాదు. చేతకావాల్సిన ఒకటి రెండు సందర్భాలు ఈ కథలోనే ఉన్నాయి.

అక్క నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. నాకు జడుపు జ్వరం వస్తే పక్కలో పడుకోబెట్టుకున్నది అమ్మ కాదు, అక్క. ఇప్పుడు ఆస్పత్రి లాండ్రీలో పనిచేస్తుంది. ఉతికి ఆరిన దుప్పట్లు మడతపెట్టడం ఆమె పని. షిఫ్టుకి నాలుగు వందల దుప్పట్లు. అక్క మడతపెట్టిన దుప్పట్లు ఒకదాని మీద ఒకటి పేరిస్తే అంచు ఒక్కటి కూడా బయటికి రాదు. బావ ఆమెని ఇష్టపడటానికి అదే కారణమని నా అనుమానం.

వాళ్ళకి పిల్లల్లేరు. రెండుసార్లు కడుపు నిలవలేదు. మా ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తరు, అక్క కూడా ఎత్తదు. కాకపోతే ఆ తర్వాత ఒక మాట ఆమె నాలుక మీదికొచ్చి ఉండిపోయింది. పాలు విరిగినా, గడియారం ఆగినా, కొత్త బకెట్టు పగిలినా, "నా చెయ్యి అలాంటిది" అనేది. గట్టిగా అనేది కాదు, ఏడుస్తూ అనేదీ కాదు. వినీ వినీ మాకు అలవాటైపోయింది. అది పట్టించుకోవాల్సిన మాట అని నాకు తట్టలేదు.

ఐదేళ్ళ కిందట చలి తగ్గుతున్న రోజుల్లో అక్క నర్సరీ నుంచి మూడు హైడ్రాంజియా మొక్కలు తెచ్చింది. ఆస్పత్రి ముందు గేటు పక్కన అలాంటి చెట్టొకటి ఉంది. డ్యూటీ దిగి వస్తూ రోజూ దాని దగ్గర ఓ నిమిషం నిలబడేదట. చిన్న చిన్న పూలన్నీ ఒక్కచోట చేరి, పిల్లల తలకాయంత గుత్తిగా పూస్తాయి. ఆ పేరు అక్కకి నోరు తిరగలేదు. గుత్తుపువ్వు అని తనే పేరు పెట్టుకుంది.

నర్సరీ ఆయన అన్నీ వివరంగా చెప్పాడట. ఇది పొట్టి రకం, మోకాలి ఎత్తు దాటి పెద్దగా పోదు, కాబట్టి చిన్న పెరడైనా చాలు. పొద్దుటి ఎండ తగలాలి, మధ్యాహ్నం నీడ ఉండాలి. వేళ్ళు ఎండకూడదు, అలాగని నీళ్ళలో నానకూడదు. మట్టిలో పులుపు ఎక్కువైతే నీలంగా పూస్తుంది, సున్నం ఎక్కువైతే గులాబీగా పూస్తుంది. ఈ ఏడు వేరు పట్టనివ్వండి, వచ్చే ఏటి నుంచి చూడండి అన్నాడు. కత్తిరించడం గురించి మాత్రం ఆయన ఏమీ చెప్పలేదు. వెంట వెళ్ళిన బావ అడగనూ లేదు. కత్తిరించడం గురించి ఇంకొకణ్ణి అడిగే మనిషి కాదాయన.

వాళ్ళ పెరడు మంచం కంటే కాస్త పెద్దది. ఒక పక్క బట్టల తీగ, ఒక పక్క నీళ్ళ తొట్టి, అవతల పక్కింటి గోడ. గోడ ఛాతీ ఎత్తు ఉంటుంది కాబట్టి ఎవరింట్లో ఏం ఆరేశారో రెండో ఇంటికి తెలుస్తుంది. ఆ గోడ నీడలో, అడుగున్నర ఎడంలో మూడు గోతులు తీసి అక్క మొక్కలు పాతింది. ఎండుటాకులు పరిచింది. పొద్దున్నే డ్యూటీకి వెళ్ళేముందు చెంబుతో ఒక్కో మొక్క మొదట్లో మెల్లగా నీళ్ళు పోసేది, నిద్రపోతున్నవాళ్ళని లేపకుండా పని చేసుకుంటున్నట్టు.

మొక్కలు బాగా లేచాయి. ఆకులు అరచేతి వెడల్పున, ముదురుపచ్చగా వచ్చాయి. చలికాలం మొదట్లో ఆకులన్నీ రాలిపోయి పుల్లలు మిగిలాయి. ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా, ఒకటి పక్కకి వాలి, ప్రతి పుల్ల చివరా లావుపాటి మొగ్గ ఒకటి. సోమవారం బావ షాపుకి సెలవు. ఆ సోమవారం ఆయన పెరట్లోకి వెళ్ళి, నడుం మీద చేతులు పెట్టుకుని, ఆ పుల్లల్ని చూశాడు. తర్వాత లోపలికొచ్చి కత్తెర, దువ్వెన తీసుకెళ్ళాడు.

నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. ముక్కలు నేల మీద పడకుండా ముందు మొక్క మొదలు చుట్టూ షాపు గుడ్డ కట్టాడు. పుల్లల కింద దువ్వెన అడ్డంగా పెట్టి, దువ్వెన పైకొచ్చిన కొసల్ని ఒక్కొక్కటే తీశాడు. చుట్టూ తిరిగి, ఒక కన్ను మూసి చూసి, మళ్ళీ ఒకటి రెండు తీశాడు. చివరికి గుడ్డ విప్పి దులిపాడు. వెనక అద్దం ఒక్కటి పట్టలేదంతే. మూడు మొక్కలూ బడికి కొత్తగా చేరిన పిల్లల్లా ఒకే ఎత్తున నిలబడ్డాయి. పక్కింటావిడ గోడ మీదుగా చూసి, ఇంత పొందిగ్గా ఉన్న మొక్కలు ఈ వీధిలోనే లేవంది. ఆమె బట్టలు కుడుతుంది, ముగ్గురు పిల్లల తల్లి, ఆమె కుండీల్లో ఎండు పుల్ల గుచ్చినా చిగురేస్తుంది. అలాంటి మనిషి మెచ్చుకుందని అక్క సాయంత్రం దాకా సంతోషంగా ఉంది.

మరుసటి ఏడు కొత్త కొమ్మలొచ్చాయి, ఆకులొచ్చాయి, పూలు రాలేదు. ఇంకా చిన్నవి కదా అనుకున్నారు. చలికాలం రాగానే బావ మళ్ళీ కటింగ్ చేశాడు.

రెండో ఏడు రంగు గురించి గొడవ మొదలైంది. అక్కకి గులాబీ రంగు కావాలి. బావకి నీలం కావాలి, ఎందుకంటే షాపులో కుర్చీలు నీలం. అక్క ఎవరూ చూడకుండా మొక్కల మొదట్లో చిటికెడు సున్నం వేసేది. బావ షాపు పక్క టీకొట్టు నుంచి వాడేసిన కాఫీ పొడి పొట్లం కట్టించుకొచ్చి పోసేవాడు, దాంతో పులుపు వస్తుందని ఎవడో చెప్పాడట. ఒకరి సంగతి ఒకరికి తెలిసి భోజనాల దగ్గర పోట్లాడుకుంటుంటే నేను కూడా పళ్ళెం ముందేసుకుని కూర్చున్నాను. పువ్వా లేదు, మొగ్గా లేదు, వీళ్ళ రంగుల తగాదా చూస్తే నవ్వొచ్చింది. నవ్వొస్తే నోరు ఆగదు.

"బాగుంది మీ వరస," అన్నాను. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది."

ఎవరైనా అనే సామెతే. రోజుకి పదిమంది అంటారు. బావ కూడా నవ్వబోయి ఆగిపోయాడు. అక్క తన పళ్ళెం, నా పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళింది. నేనింకా తినడం పూర్తి చేయలేదు. లోపల కుళాయి తిప్పిన చప్పుడు వచ్చింది, ఆ చప్పుడులో, "నా చేతికి ఏదీ నిలవదు" అని వినిపించింది. విననట్టు చెయ్యి కడుక్కుని ఇంటికొచ్చేశాను.

మూడో ఏడు కూడా పూయలేదు. ఆ ఏడు అక్క మొక్కల గురించి మాట్లాడటం తగ్గించింది. నీళ్ళు మాత్రం పోసేది. నేను మీటర్లు చదవడానికి పోయిన వీధుల్లో హైడ్రాంజియాలు విరగబూసి ఉండేవి. అదీ ఎలాంటి ఇళ్ళల్లో? గేటు తుప్పుపట్టి, మీటరు మీద సాలెగూడు కట్టి, నాలుగు నెలలుగా పెరడు మొహం చూడనివాళ్ళ ఇళ్ళల్లో. పాత కొమ్మలు, ఎండిపోయిన పాత పూలు అలాగే వేలాడుతుండగా, వాటి మధ్యలోంచి గుత్తులు గుత్తులుగా కొత్త పూలు. బద్ధకస్తుల అదృష్టం ఇలా ఉంటుందని నాకు ఒళ్ళు మండేది. వెళ్ళి ఆ సంగతి అక్కకి చెప్పేవాణ్ణి కూడా, ఫలానా వీధిలో పద్దెనిమిది పూశాయని, ఫలానా ఇంట్లో లెక్కే లేదని. అది విని ఆమెకి ఎలా ఉంటుందో ఆలోచించలేదు. నాకు బుర్ర లేదని అక్క చిన్నప్పుడే చెప్పింది.

ఆ ఏడే, ఆకులు పండబారుతున్న రోజుల్లో, నేను షాపులో బల్ల మీద కూర్చుని మొన్నటి పేపరు చదువుతున్నాను. కుర్చీలో పార్కు తోటమాలి ఉన్నాడు. నలభై ఏళ్ళ మనిషి, నెలకోసారి వస్తాడు, కళ్ళు మూసుకుని మాట్లాడతాడు. బావ అతని మెడ మీద నురగ రాసి, కత్తి పెట్టి గీస్తూ తన మొక్కల కష్టం చెప్పుకున్నాడు.

"ఎండ తగులుతుందా?" అన్నాడు తోటమాలి.

"పొద్దున తగులుతుంది."

"నీళ్ళు?"

"మా ఆవిడ పోస్తుంది. తను తినకపోయినా వాటికి పోస్తుంది."

"కత్తిరిస్తావా అన్నా?"

"కత్తిరించకుండా ఎలా ఉంటా?" అన్నాడు బావ. "ఆకులు రాలగానే తీసేస్తా. దువ్వెన పెట్టి, పైన ఇంత."

తోటమాలి కళ్ళు తెరిచి అద్దంలో బావని చూశాడు. "అంటే పూలు కోసేస్తున్నావు," అన్నాడు. "ఈ రకానికి వచ్చే ఏటి పువ్వు ఈ ఏటి కొమ్మ చివరే తయారవుతుంది. చలికాలమంతా ఆ మొగ్గలో దాక్కునుంటుంది. నువ్వు ఆ కొసలే తీసేస్తుంటే ఇంకెక్కడ పూస్తుంది? దాన్ని ముట్టుకోకు. పాడైన కొమ్మలుంటే తప్ప దానికి కత్తెరతో పనిలేదు."

కత్తి ఆగిపోయింది. తోటమాలి మెడ మీద ఆగింది కాబట్టి అతను కూడా మాట్లాడటం ఆపేశాడు. కాసేపటికి బావ మిగతా సగం గీసి, మొహం తుడిచి పంపించాడు. డబ్బులు తీసుకోలేదు. అతను వెళ్ళాక షాపులో మేమిద్దరమే మిగిలాం. "మీ చెవులే సమంగా లేవు" అనడానికి మొక్కకి చెవులు కూడా లేవు.

"అక్కకి చెప్పకురా," అన్నాడు బావ.

"ఎందుకు?"

"ఈ ఏడు కత్తిరించను. పూస్తాయి. పూశాక ఇంక చెప్పేదేముంది?"

నాకూ సబబుగానే తోచింది. బావమరిది బతకగోరతాడు, దాయాది చావగోరతాడు అంటారు. నేను బావ బాగు కోరి నోరు మూసుకున్నాను. జీవితంలో మొదటిసారి నోరు మూసుకున్నది తెరవాల్సిన చోట.

ఆ చలికాలం బావ పడ్డ అవస్థ చెప్పాలంటే మాటలు చాలవు. ఆకులు రాలాయి. పుల్లలు ఎప్పటిలాగే ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా, ఒకటి వంకరగా నిలబడ్డాయి. సోమవారం వస్తే ఇంట్లో ఉన్న కత్తెరలన్నీ ఒక సంచిలో వేసి నాకు ఇచ్చి పంపేవాడు. మంగళవారం పొద్దున షాపుకి వెళ్తూ తీసుకునేవాడు. పెరటి వైపు వీపు పెట్టి కూర్చునేవాడు. వంటింట్లోకి వెళ్ళాలంటే కిటికీ వైపు చూడకుండా గోడకి మొహం పెట్టి నడిచేవాడు. ఒకరోజు మా ఇంటికొచ్చి, మా ఆవిడ పోపు డబ్బా కింద పరిచిన పేపరు అంచులు గోళ్ళతో సమం చేస్తూ కనబడ్డాడు.

అక్కకి ఇవేవీ తెలియవు. ఆమెకి తెలిసిందల్లా, మూడేళ్ళు మొక్కల్ని ముస్తాబు చేసిన మనిషి ఈ ఏడు వాటి వంక కన్నెత్తి చూడటం లేదని. ఓ సాయంత్రం నేను వెళ్ళినప్పుడు బట్టలు తీస్తూ అంది, "మీ బావ కూడా ఆశ వదిలేసుకున్నార్రా. చూడు ఎలా ఉన్నాయో, దిక్కులేనివాటిలా." నేను తీగ మీద మిగిలిన బట్టలు తీసిచ్చాను.

చలి తగ్గింది. కొసల్లో మొగ్గలు విచ్చి పచ్చటి చిగుర్లు బయటపడ్డాయి. బావ రోజూ పొద్దున లేచి లెక్కపెట్టేవాడు. మూడు మొక్కలకీ కలిపి ఇరవై ఆరు. నాకు ఫోన్ చేసి చెప్పేవాడు, ఇరవై ఆరు అని, మర్నాడు మళ్ళీ ఇరవై ఆరు అని. అప్పుడు, ఇక చలి లేదని అందరం దుప్పట్లు లోపల పెట్టేశాక, ఒక్క రాత్రి మంచు పడింది. తెల్లారి చూస్తే ఇరవై ఆరు చిగుర్లూ ఉడికిన ఆకుకూరలా నల్లబడి వాలిపోయాయి.

బావ షాపు తెరవకుండా పార్కుకి పరుగెత్తాడు. పార్కులో నలభై మొక్కల ముందు తోటమాలి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అన్నీ నల్లగానే ఉన్నాయి. "ఈ ఏటికి ఇంతే అన్నా," అన్నాడు. "వేరు చావదు. కింది నుంచి కొత్త కొమ్మలొస్తాయి. వచ్చే ఏడు చూసుకో."

వచ్చే ఏడు దాకా అక్క ఆగలేదు. ఆ ఎండాకాలం ఒక ఆదివారం పొద్దున నాకు ఫోన్ చేసింది. "పార పట్టుకుని రారా," అంది. ఎందుకని అడిగే లోపు పెట్టేసింది.

నేను వెళ్ళేసరికి మొదటి మొక్క చుట్టూ గుండ్రంగా సగం తవ్వేసి ఉంది, వంటింటి అట్లకాడతో. చేతులు మోచేతుల దాకా మట్టి. బావ పెరటి గుమ్మంలో టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. టీ మీద మీగడ కట్టింది.

"పక్కింటావిడకి ఇచ్చేస్తున్నా," అంది అక్క. "అడిగాను, తీసుకుంటానంది. ఆమె చెయ్యి మంచిది. పాపం మొక్కలేం చేశాయి? ఇంకొకళ్ళ చేతిలో అయినా పూస్తాయి."

అక్కడే నాకు విషయమంతా అర్థమైంది. బావకి కూడా అర్థమైందని ఆయన మొహం చూస్తే తెలిసింది. నిజమే, పూస్తాయి. ఆ గోడ అవతల వాటిని దువ్వెన పెట్టి కోసేవాళ్ళు ఎవరూ లేరు. వచ్చే ఎండాకాలం గుత్తులు గుత్తులుగా పూస్తాయి. అక్క రోజూ బట్టలు ఆరేస్తూ గోడ మీదుగా వాటిని చూస్తుంది. తన చేతిలో నాలుగేళ్ళు పూయనివి పక్కింటి చేతిలో ఒక్క ఏడాదికే పూశాయని కళ్ళారా చూస్తుంది. ఆ తర్వాత మేం నిజం చెప్పినా నమ్మదు, నన్ను ఓదార్చడానికి అంటున్నారు అనుకుంటుంది. చచ్చేదాకా ఆ చేతిని అలాగే మోస్తుంది.

బావ నా వైపు చూశాడు. నువ్వు చెప్పరా అని ఆ చూపు. ఊళ్ళో అందరి గుమ్మాల ముందూ నోరు పారేసుకునేవాణ్ణి, ఆ పూట పార వైపు చూశాను.

"ఆగు," అన్నాడు బావ.

"ఏం?"

"అవి ఇవ్వకు. పూస్తాయి."

"నాలుగేళ్ళు చూశానండీ. చాలు."

"పూసేవే," అన్నాడు బావ. "నేను కోసేశాను."

అక్కకి అర్థం కాలేదు. "ఏం కోసేశారు?"

"పూలు. ఈ ఏటి కొమ్మ చివరే వచ్చే ఏటి పువ్వుంటుందట. నేను ప్రతి చలికాలం ఆ కొసలే తీసేశాను. పార్కు తోటమాలి చెప్పాడు."

"ఎప్పుడు చెప్పాడు?"

"పోయినేడు. ఆకులు రాలే ముందు."

"అయితే అప్పట్నించీ మీకు తెలుసు."

"తెలుసు."

అక్క అట్లకాడ కింద పెట్టింది. లేచి నిలబడింది. దుప్పట్లు లెక్కపెట్టేటప్పుడు ఉండే గొంతుతో అడిగింది, "మొదటేడు?"

"నేనే."

"రెండో ఏడు నేను సున్నం ఎక్కువేశాను. దానివల్ల కాదూ?"

"కాదు. నేనే."

"మూడో ఏడు నాకు జ్వరమొచ్చి వారం రోజులు నీళ్ళు పోయలేదు."

"నేను పోశాను అప్పుడు. కానీ అంతకుముందు చలికాలంలోనే కొసలు కోసేశాను... నేనే."

"ఈ ఏడు?"

"ఈ ఏడు నేను ముట్టుకోలేదు. మంచు పడింది. పార్కులో నలభై మొక్కలు పోయాయి, కావాలంటే చూసిరా."

అక్క తన చేతుల వంక చూసుకుంది. "మరి నా చెయ్యి?" అంది.

"దానికేమైంది?" అన్నాడు బావ. "నీళ్ళు పోసిందే అది. నేను ఏటేటా కోస్తున్నా చావకుండా నిలబడ్డాయంటే ఆ చేత్తో పోసిన నీళ్ళకే."

అక్క మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. ఆస్పత్రి నుంచి రెండోసారి ఉత్త చేతులతో వచ్చిన రోజు కూడా ఆమె అలా ఏడవలేదు. ఆ రోజు మా అందరికీ టీ పెట్టింది. ఇప్పుడు మట్టి చేతులు ఒళ్ళో పెట్టుకుని, మొహం దాచుకోకుండా, చిన్నపిల్లలా గట్టిగా ఏడ్చింది. గోడ అవతల కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది. బావ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

చాలాసేపటికి అక్క నా వైపు తిరిగింది. "నీకూ తెలుసా?"

"తెలుసు."

"సోమలింగం అన్నావు," అంది.

మర్చిపోయిందనుకున్నాను. రెండేళ్ళు దాటింది ఆ మాటకి. ఊరికే సామెత అక్కా అని చెబుదామనుకున్నాను, ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా. కానీ పక్కన బావ నిలబడి ఉన్నాడు, ముప్ఫై రెండేళ్ళలో ఒక్క తప్పు ఒప్పుకోని మనిషి అప్పుడే మూడు ఒప్పుకుని.

"అన్నాను," అన్నాను. "అనకూడదక్కా. తప్పే."

"అనకూడదు," అంది అక్క. ముక్కు చీది, మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. "ఆ గొయ్యి పూడ్చండి. ఇద్దరూ."

నేను పారతో మట్టి లాగాను, బావ మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళ చుట్టూ సర్దాడు. గట్టిగా తొక్కకండి, వేళ్ళు నలుగుతాయి అని అక్క మెట్టు మీద నుంచి చెప్పింది. ఇంకాస్త ఎత్తు పొయ్యండి, ఇటు పల్లం ఉంది అని చెప్పింది. మేం చెప్పినట్టే చేశాం.

ఆ తర్వాత పదకొండు రోజులు ఆమె బావతో మాట్లాడలేదు. మిగతా ఊరందరితో మాట్లాడింది. పక్కింటావిడకి చెప్పింది, లాండ్రీలో చెప్పింది, కూరలవాడికి చెప్పింది. మా ఆయన మూడేళ్ళు పూలన్నీ కోసేశారమ్మా అని ఎవరికి చెప్పినా మొదటి నుంచి చివరిదాకా చెప్పింది, చెప్పిన ప్రతిసారీ ఆమె గొంతు ఇంకాస్త తేలికపడింది. షాపుకొచ్చినవాళ్ళు కుర్చీలో కూర్చుని, నిజమేనా అని అడిగేవాళ్ళు. "నిజమే, నేనే కోశాను" అని బావ గుడ్డ కట్టేవాడు. ఒకరిద్దరు లేచి వెళ్ళిపోయారు. ఆయన గుడ్డ దులిపి తర్వాతివాళ్ళకి కట్టాడు.

ఈ ఏడు ఎండాకాలం మూడు మొక్కల్లో రెండు పూశాయి. తొమ్మిది గుత్తులు. నీలమూ కాదు, గులాబీ కాదు, రెండూ కలిసిన ఊదా రంగు. సున్నం గెలిచిందా కాఫీ పొడి గెలిచిందా అని ఇద్దరూ ఇంకా తేల్చుకోలేదు. పూసిన రోజు అక్క డ్యూటీకి ఆలస్యంగా వెళ్ళింది, పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి.

మూడోది పూయలేదు. ఎందుకు పూయలేదో తోటమాలిక్కూడా తెలియదు. ఆ పొద్దున నేనూ బావా గుమ్మంలో నిలబడి, అక్క ఏమంటుందోనని చూస్తున్నాం. అక్క దాని ముందు వంగి, ఆకులు పైకెత్తి అడుగు దాకా వెతికింది. లేచి చెంబుతో దానికీ నీళ్ళు పోసింది.

"దాని ఇష్టం," అని లోపలికి వెళ్ళిపోయింది.